నామం కదిలితే ప్రిపోజిషన్ ఎక్కడ? నిత్య వ్యవహార ఇంగ్లీషు బోధనపై ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• తెలుగు క్రియాజన్య విశేషణానికీ ఇంగ్లీషు రిలేటివ్ క్లాజుకూ ఉన్న ముఖ్యమైన తేడాను వివరించగలుగుతారు.
• ఇంగ్లీషు వాక్యంలో ప్రిపోజిషన్ ఎందుకు జారిపోతుందో గుర్తించి, సరిచేసుకోగలుగుతారు.
• "వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదు" అనే నియమాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• ఏ తప్పు అర్థాన్ని చెడగొడుతుందో, ఏది కేవలం శైలికి సంబంధించినదో వేరు చేయగలుగుతారు.

విషయక్రమం

7.1 ప్రవేశిక
7.2 నాలుగు వాక్యాల పరిశీలన
7.3 తెలుగులో విభక్తి ఏమవుతుంది?
7.4 తెలుగు కూడా ఆగే చోటు
7.5 క్లాజు అక్కర్లేని చోట్లు
7.6 "చివర రాకూడదు" అనే నియమం
7.7 "విచ్ అంటే ఏది" అనే బోధన
7.8 వెనక్కి పంపే పరీక్ష
7.9 సారాంశం
7.10 కీలక పదాలు
7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.1 ప్రవేశిక

పామిడి పెన్న ఒడ్డున ఉన్న ఊరు. గుత్తికీ అనంతపురానికీ మధ్య, హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రహదారి మీద ఉంది. చుట్టూ మెట్ట సేద్యం; ఊళ్ళో గుడ్డల వ్యాపారం, కుట్టుపని. వాన పడని ఏడు వస్తే ఈ ప్రాంతం నుంచి ఎంతోమంది పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సు ఎక్కుతారు. అక్కడ పనితోపాటు ఇంగ్లీషూ ఎదురవుతుంది.

ఒక సన్నివేశాన్ని ఊహించుకుందాం. పామిడిలో ఒక గుడ్డల అంగడికి మూడేళ్ళపాటు నైటీలు కుట్టి అమ్మిన ఒక యువతి, బెంగళూరులో ఒక దుస్తుల కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్ళింది. "నేను అమ్మిన అంగడివాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతున్నారు" అని ఆమె చెప్పాలనుకుంది. నోటి నుంచి వచ్చిన మాటలు ఇవి: "ద షాప్ ఐ సోల్డ్..." ఎదుటివారు వెంటనే, అంగడిని ఎందుకు అమ్మేశారు అని అడిగారు. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. ఆమె అమ్మింది అంగడిని కాదు, అంగడికి.

"ని"కీ "కి"కీ ఉన్న ఈ తేడాను ఇంగ్లీషులో మోసేది "టు" అనే ఒక చిన్న మాట. "ద షాప్ ఐ సోల్డ్ టు" అని ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ఆ మాట ఆమెకు తెలియనిది కాదు. "ఐ సోల్డ్ నైటీస్ టు ఎ షాప్" అని అడిగితే తప్పు లేకుండా చెప్పగలదు. "షాప్" అనే నామం వాక్యం మొదటికి కదిలినప్పుడు మాత్రమే "టు" జారిపోయింది.

ఇది అజాగ్రత్త కాదనీ, మాతృభాష వ్యాకరణాన్ని నిజాయితీగా పాటించడం వల్ల వచ్చిన ఫలితమనీ ఈ భాగం వాదిస్తుంది. దీన్ని సరిదిద్దవలసిన మన బోధన రెండు విషయాల్లో పొరపాటు పడిందని కూడా చూపుతుంది. ఇంగ్లీషు ఉదాహరణలను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. వాటిని పైకి చదవండి. ఈ విషయం కంటికన్నా చెవికి త్వరగా పట్టుబడుతుంది.

7.2 నాలుగు వాక్యాల పరిశీలన

ఈ పాఠం కోసం కూర్చిన కింది నాలుగు వాక్యాలను చూడండి. ఇలాంటివి మీరూ రాసి ఉంటారు.

1) ద హాస్టల్ ఐ స్టేడ్ వాజ్ నియర్ ద బస్టాండ్.
2) ద కంపెనీ ఐ వర్క్డ్ గేవ్ మీ ఎ సర్టిఫికెట్.
3) ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్ ఇన్ ఈజ్ స్మాల్.
4) ద డే ఐ జాయిన్డ్ వాజ్ ఎ మండే.

మొదటి వాక్యంలో "స్టేడ్" తరవాత "ఇన్" లేదా "ఎట్" ఉండాలి. రెండవదాంట్లో "వర్క్డ్" తరవాత "ఫర్" ఉండాలి. ఈ రెండూ ఒకే జాతి తప్పులు. "నేను ఉన్న హాస్టలు", "నేను పనిచేసిన కంపెనీ" అనే తెలుగు పదబంధాల్లో "లో" కనిపించదు. కనిపించని దానికి సమానార్థకం వెతకాలని విద్యార్థికి తోచదు.

మూడవది దీనికి తలకిందులు. ఇక్కడ "ఇన్" రెండుసార్లు వచ్చింది. ప్రిపోజిషన్ తప్పనిసరి అని ఈ విద్యార్థికి తెలుసు. దాన్ని "విచ్" ముందు పెట్టాలని ఒక పుస్తకంలో చదివాడు. మాటల్లో అది చివర వస్తుందని విన్నాడు. ఎందుకైనా మంచిదని రెండు చోట్లా పెట్టాడు. లోపం చదువు తక్కువ కావడం కాదు, రెండు సలహాలు ఢీకొనడం.

నాలుగవ వాక్యం సరైనదే. "ద డే ఆన్ విచ్ ఐ జాయిన్డ్" అనవచ్చు, కాని మాటల్లో ఎవరూ అంత దూరం పోరు. కాలాన్ని, విధానాన్ని, కారణాన్ని చెప్పే "డే", "టైమ్", "వే", "రీజన్" లాంటి నామాల తరవాత ఇంగ్లీషు కూడా ప్రిపోజిషన్‌ను వదిలేస్తుంది. "ప్లేస్" అనే సాధారణ నామం దగ్గర కూడా సంభాషణలో ఈ సడలింపు ఉంది: "ద ప్లేస్ ఐ స్టేడ్" అంటే చెల్లుతుంది. అదే "ద హాస్టల్ ఐ స్టేడ్" అంటే చెల్లదు. నామం ఎంత సాధారణమైతే సడలింపు అంత ఎక్కువ. ఎంత నిర్దిష్టమైతే ప్రిపోజిషన్ అవసరం అంత గట్టిది.

ఈ నాలుగింటికీ ఒకే ఎర్ర గీత గీసే ఉపాధ్యాయుడు విద్యార్థికి ఏమీ నేర్పడు. మొదటి రెండూ ఒక కారణంతో తప్పు, మూడవది మరో కారణంతో తప్పు, నాలుగవది తప్పే కాదు.

7.3 తెలుగులో విభక్తి ఏమవుతుంది?

"రాయు" అనే ధాతువునే తీసుకుందాం. "నేను రాసిన" అన్న రూపాన్ని మార్చకుండా, వెనక వచ్చే నామాన్ని మాత్రమే మారుస్తూ పోదాం.

నేను రాసిన ఉత్తరం: ఉత్తరాన్ని రాశాను. (ద లెటర్ ఐ రోట్)
నేను రాసిన కలం: కలంతో రాశాను. (ద పెన్ ఐ రోట్ విత్)
నేను రాసిన కాగితం: కాగితం మీద రాశాను. (ద పేపర్ ఐ రోట్ ఆన్)
నేను రాసిన విషయం: విషయం గురించి రాశాను. (ద మేటర్ ఐ రోట్ అబౌట్)
నేను రాసిన రోజు: ఆ రోజున రాశాను. (ద డే ఐ రోట్)

ఎడమవైపు తెలుగు పదబంధాలన్నింటిలో క్రియ ఒకే రూపంలో ఉంది. "ని", "తో", "మీద", "గురించి", "న" అనే అయిదు సంబంధాలూ మాయమయ్యాయి. అయినా అర్థం చెడలేదు. కలంతో రాస్తారు, కాగితం మీద రాస్తారు అనే లోకజ్ఞానం మాయమైన విభక్తిని వినేవారి మనసులో తిరిగి నిలబెడుతుంది. తెలుగు ఈ పనిని వినేవారికి అప్పగించింది. ఇంగ్లీషు దాన్ని చెప్పేవారి మీదే పెట్టింది.

విభక్తి లేకపోవడం ఇక్కడ లోపం కాదు, పొదుపు. ఈ రూపానికి మనం క్రియాజన్య విశేషణం లేదా ధాతుజ విశేషణం అంటాం. "వచ్చిన", "వస్తున్న", "వచ్చే", "రాని" అనేవి దాని రూపాలు. 1856లో వెలువడిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో రాబర్ట్ కాల్డ్‌వెల్, 1873లో వచ్చిన తెలుగు వ్యాకరణంలో ఎ.హెచ్. ఆర్డెన్ దీన్ని "రిలేటివ్ పార్టిసిపుల్" అన్నారు. వారు ఇంగ్లీషు తెలిసిన పాఠకుల కోసం రాశారు. "హూ", "విచ్" చేసే పనిని తెలుగులో ఈ రూపం చేస్తుందని చెప్పడానికి ఆ పేరు ఉపయోగపడింది. ఆ దిశలో అది మంచి పేరే.

అయితే ఆ పేరు ఒక తేడాను దాచిపెడుతుంది. "విచ్" ఒక సర్వనామం. సర్వనామం కనుక తనకు ముందు ప్రిపోజిషన్‌ను ఉంచుకోగలదు: "ఇన్ విచ్", "టు విచ్", "విత్ విచ్". "రాసిన" అనేది సర్వనామం కాదు, క్రియ నుంచి పుట్టిన విశేషణం. దానికి విభక్తిని తగిలించే కొక్కెమే లేదు. రెండూ ఒకే పని చేస్తాయనడం నిజం, కాని ఒకే పనిముట్టు అనడం నిజం కాదు. ఇంగ్లీషువారు తెలుగు నేర్చుకునేటప్పుడు ఈ తేడా వారికి పెద్దగా అడ్డు రాలేదు. వారు ఒక మాటను వదులుకుంటే చాలు. తెలుగువారు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు లేని మాటను తేవాలి. వదలడం తేలిక, తేవడం కష్టం. వారి సౌకర్యానికి పెట్టిన సమీకరణాన్ని తిరగేసి మనం వాడుకుంటున్నాం. చిక్కు అక్కడ మొదలైంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
"నేను కూర్చున్న కుర్చీ", "నేను డబ్బు కట్టిన బ్యాంకు", "నేను బయలుదేరిన ఊరు": ఈ మూడింటిలో మాయమైన విభక్తి ఏది? ఇంగ్లీషులో ఏ ప్రిపోజిషన్ రావాలి?
(జవాబు: మీద లేక లో – ఆన్ లేక ఇన్, లో – ఎట్ లేక ఇన్, నుంచి – ఫ్రమ్.)

7.4 తెలుగు కూడా ఆగే చోటు

తెలుగు అన్ని విభక్తులనూ ఇలా వదలగలదా? వదలలేదు. "నేను స్నేహితుడితో సినిమాకు వెళ్ళాను" అన్న వాక్యం నుంచి "నేను సినిమాకు వెళ్ళిన స్నేహితుడు" అని ఎవరూ అనరు. పనిముట్టును చెప్పే "తో" మాయం కాగలదు కాని, తోడును చెప్పే "తో" మామూలుగా మాయం కాలేదు. కలంతో రాయడమన్నది లోకానికి తెలిసిన సంబంధం. స్నేహితుడు సినిమాకు తోడుగా వచ్చాడా, అక్కడే ఉన్నాడా, సినిమా తీశాడా అన్నది వినేవారు ఊహించలేరు. పోలికను చెప్పే "కంటే" కూడా అంతే. "నేను రాముకంటే పొడుగు" అన్న దాన్నుంచి "నేను పొడుగైన రాము" అనే రూపం పుట్టదు.

ఇటువంటి చోట్ల తెలుగు మరో దారి పడుతుంది: "నేను ఎవరితో సినిమాకు వెళ్ళానో ఆ స్నేహితుడు." దీన్ని యత్తదర్థక వాక్యం అంటారు. ఇక్కడ "ఎవరితో" అన్న మాటలో విభక్తి భద్రంగా ఉంది. ఇంగ్లీషు "విత్ హూమ్"కు తెలుగులో నిజమైన దగ్గరి చుట్టం ఇదే.

ఈ పరిమితి తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే భాషాశాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఎన్నో భాషల రిలేటివ్ క్లాజులను పోల్చి ఒక మెట్ల వరసను ప్రతిపాదించారు. కర్త, కర్మ, సంప్రదానం, ఇతర విభక్తులు, షష్ఠి, పోలిక అనేవి ఆ మెట్లు. పై మెట్ల నుంచి నామాన్ని బయటికి తేవడం భాషలకు సులువు. కిందికి పోయేకొద్దీ కష్టం. ఈ ప్రతిపాదన మీద తరవాత చర్చలు జరిగాయి. అయినా మనకు ఒక విషయం ఉపయోగపడుతుంది. కర్త, కర్మ అనే మొదటి రెండు మెట్ల మీద తెలుగు విద్యార్థి ఇంగ్లీషులో తడబడడు, ఎందుకంటే అక్కడ ప్రిపోజిషనే లేదు. "ద మ్యాన్ హూ కేమ్", "ద లెటర్ ఐ రోట్" అని సునాయాసంగా అంటాడు. మూడవ మెట్టు దగ్గర కాలు జారుతుంది. బోధన బరువంతా అక్కడ పడాలి. మన పాఠ్యపుస్తకాల్లో అభ్యాసాలు తరచు మొదటి రెండు మెట్ల మీదే ఆగిపోతాయి.

7.5 క్లాజు అక్కర్లేని చోట్లు

ప్రిపోజిషన్‌ను వదిలేయడం ఒక తప్పయితే, ప్రిపోజిషన్ ఒక్కటే సరిపోయే చోట మొత్తం క్లాజును దించడం మరో అలవాటు. "వంతెన దగ్గర ఉన్న అంగడి" అన్నదాన్ని మనం "ద షాప్ విచ్ ఈజ్ నియర్ ద బ్రిడ్జ్" అంటాం. తప్పు కాదు. మాటల్లో మాత్రం "ద షాప్ నియర్ ద బ్రిడ్జ్" చాలు. తెలుగులో "దగ్గర" అనే మాట నేరుగా నామాన్ని పట్టుకోలేదు. "ఉన్న" అనే వంతెన కావాలి, లేదా "దగ్గరి" అని మారాలి. ఇంగ్లీషు ప్రిపోజిషన్‌కు ఆ వంతెన అవసరం లేదు.

గుడ్డల ఊరికి తగిన ఉదాహరణలు మరికొన్ని:

తెల్ల చొక్కా వేసుకున్న మనిషి: ద మ్యాన్ ఇన్ ద వైట్ షర్ట్.
కళ్ళద్దాలు పెట్టుకున్న అమ్మాయి: ద గర్ల్ విత్ గ్లాసెస్.
జేబులు ఉన్న నైటీ: ఎ నైటీ విత్ పాకెట్స్.
కాలు విరిగిన కుర్చీ: ఎ చెయిర్ విత్ ఎ బ్రోకెన్ లెగ్.
నీళ్ళు లేని బోరు: ఎ బోర్‌వెల్ విదౌట్ వాటర్.

తెలుగులో ఉన్న "వేసుకున్న", "పెట్టుకున్న", "ఉన్న", "విరిగిన", "లేని" అనే క్రియారూపాలను ఇంగ్లీషు "ఇన్", "విత్", "విదౌట్" అనే మూడు ప్రిపోజిషన్లతో ముగించింది. ఒంటి మీద ఉన్న బట్టకు "ఇన్", కలిగి ఉన్నదానికి "విత్", లేనిదానికి "విదౌట్". నిత్య వ్యవహారంలో ఈ మూడూ పట్టుబడితే సగం రిలేటివ్ క్లాజుల అవసరం తీరిపోతుంది.

ఇక పదాల క్రమం. "పామిడిలో బస్టాండు వెనక ఉన్న అంగట్లో నువ్వు కొన్న చీర" అనే పదబంధాన్ని ఇంగ్లీషులోకి మార్చండి: "ద సారీ యు బాట్ ఎట్ ద షాప్ బిహైండ్ ద బస్టాండ్ ఇన్ పామిడి." తెలుగు పామిడితో మొదలై చీర దగ్గర ముగిసింది. ఇంగ్లీషు చీరతో మొదలై పామిడి దగ్గర ముగిసింది. అద్దంలో చూసినట్టుగా క్రమం తిరగబడింది. తెలుగు పెద్ద చోటు నుంచి చిన్న వస్తువుకు నడుస్తుంది. ఇంగ్లీషు వస్తువును చేతికిచ్చి, తరవాత దాని చిరునామా చెబుతుంది. పొడవాటి తెలుగు పదబంధాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే చివరి నామం నుంచి వెనక్కి నడవండి.

ఈ వరసలో ఒక ప్రమాదం ఉంది. "ద సారీ ఇన్ ద షాప్ దట్ ఐ లైక్డ్" అంటే నచ్చింది చీరా, అంగడా? క్లాజు సాధారణంగా తనకు దగ్గరగా ఉన్న నామాన్ని పట్టుకుంటుంది కనుక ఇక్కడ రెండర్థాలకూ చోటుంది. "ద సారీ ఐ లైక్డ్ ఇన్ దట్ షాప్" అని క్లాజును చీర పక్కకు తెస్తే సందేహం పోతుంది. ఏ నామాన్ని గురించి చెబుతున్నామో ఆ నామం పక్కనే క్లాజు ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
"ఎర్ర చీర కట్టుకున్న ఆమె", "కిటికీలు లేని గది": ఈ రెండింటినీ "హూ", "విచ్" వాడకుండా ఇంగ్లీషులో చెప్పండి.
(జవాబు: ద ఉమన్ ఇన్ ద రెడ్ సారీ, ఎ రూమ్ విదౌట్ విండోస్.)

7.6 "చివర రాకూడదు" అనే నియమం

ప్రిపోజిషన్‌తో వాక్యం ముగించకూడదని చాలామంది బడిలో విని ఉంటారు. దీని పుట్టుకను చూస్తే దాని బరువు తెలుస్తుంది. 1672లో ప్రచురితమైన ఒక వ్యాసంలో ఇంగ్లీషు కవి జాన్ డ్రైడెన్, తనకు ముందు తరానికి చెందిన నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో ప్రిపోజిషన్ చివర రావడాన్ని దోషంగా ఎంచాడు. అదే దోషం తన రచనల్లోనూ ఉందని ఒప్పుకున్నాడు. 1668 నాటి తన నాటక విమర్శ గ్రంథాన్ని 1684లో తిరిగి ప్రచురించినప్పుడు అలాంటి వాక్యాలను వెతికి మార్చాడు. నియమం జనం మాటలోంచి పుట్టలేదు. ఒక కవి అభిరుచిలోంచి పుట్టింది.

1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లోత్ వైఖరి మరింత మెత్తనిది. ప్రిపోజిషన్‌ను చివర ఉంచడం ఇంగ్లీషు నుడికారానికి సహజమనీ, సంభాషణకూ తేలిక శైలికీ తగుతుందనీ అంగీకరించాడు. గంభీరమైన రచనలో మాత్రం ముందు ఉంచడం మేలన్నాడు. ఈ మాట చెబుతూ రాసిన వాక్యంలోని మొదటి ఉపవాక్యాన్నే ఆయన ప్రిపోజిషన్‌తో ముగించాడు. అది చమత్కారమో, పొరపాటో పండితులు చర్చించుకోవచ్చు. మనకు కావలసింది ఆయన చేసిన విభజన: మాట వేరు, గంభీర రచన వేరు. తరవాతి పంతుళ్ళు ఆ విభజనను వదిలేసి నిషేధాన్ని మాత్రం ఉంచుకున్నారు. 1926లో వెలువడిన తన వాడుక నిఘంటువులో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ దీన్ని ఒక మూఢనమ్మకంగా తోసిపుచ్చాడు.

మన దేశంలో ఈ నిషేధాన్ని తరచు రెన్, మార్టిన్‌ల వ్యాకరణ పుస్తకం మీదికి నెడుతుంటారు. ఇది న్యాయం కాదు. రిలేటివ్ సర్వనామం "దట్" అయినప్పుడు ప్రిపోజిషన్ చివర రావడాన్ని ఆ పుస్తకం గుర్తించింది. పుస్తకంలో ఉన్నది వేరు, దాని పేరు మీద తరగతిలో చెప్పినది వేరు.

ఈ నిషేధం తెలుగు విద్యార్థికి ఎక్కువ నష్టం చేసింది. కారణం చూడండి. "ద షాప్ ఐ సోల్డ్ టు" అనే వాక్యంలో "టు" చివర ఉండాలి. చివర రాకూడదని భయపెడితే విద్యార్థికి మిగిలే దారులు రెండు. ఒకటి, "ద షాప్ టు విచ్ ఐ సోల్డ్" అనడం. అది వ్యాకరణబద్ధమే కాని మాటల్లో బరువైనది, నోటికి వేగంగా రాదు. రెండవది, ప్రిపోజిషన్‌ను పూర్తిగా వదిలేయడం. మాతృభాష ఎలాగూ వదలమనే చెబుతోంది. మాతృభాష ఒకవైపు లాగి, బడి అదే వైపుకు నెడితే విద్యార్థి ఎటు పడతాడో చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లవాడికి ఆ నియమం ఒక శైలీ సలహా. మనకు అది తప్పును ప్రోత్సహించే నియమంగా మారింది.

ఒక్క కచ్చితమైన నిషేధం మాత్రం ఉంది. "దట్" ముందు ప్రిపోజిషన్ రాదు. "ద హౌస్ ఇన్ దట్ ఐ లివ్" తప్పు. "ఇన్ విచ్" అనాలి, లేదా "ద హౌస్ దట్ ఐ లివ్ ఇన్" అనాలి. "వేర్" వాడితే ప్రిపోజిషన్ అక్కర్లేదు: "ద హౌస్ వేర్ ఐ లివ్." "వేర్" తన కడుపులోనే "ఇన్"ను దాచుకుంది కనుక మళ్ళీ "ఇన్" పెడితే రెండుసార్లు చెప్పినట్టు.

7.7 "విచ్ అంటే ఏది" అనే బోధన

రెండవ పొరపాటు అనువాదానికి సంబంధించినది. "హూ అంటే ఎవరు, విచ్ అంటే ఏది" అని పదాలకు అర్థాలు చెప్పి వదిలేయడం మన తరగతుల్లో పాత అలవాటు. ప్రశ్నలో ఆ అర్థాలు సరిపోతాయి. రిలేటివ్ క్లాజులో సరిపోవు. ఆ అర్థాలను నమ్మిన విద్యార్థి "దరఖాస్తు చేసిన వ్యక్తి" అనవలసిన చోట "ఏ వ్యక్తి అయితే దరఖాస్తు చేశాడో ఆ వ్యక్తి" అని తెలుగు రాస్తాడు. ప్రకటనల్లో, అనువాద పత్రాల్లో ఇలాంటి వాక్యాలు మనకు తరచు ఎదురవుతాయి. ఇంగ్లీషు నేర్పబోయి తెలుగును చెడగొట్టడమంటే ఇదే.

యత్తదర్థక వాక్యమే పరాయిదని దీని అర్థం కాదు. "ఎవరు తవ్విన గోతిలో వారే పడతారు" అని సామెతల్లో అది హాయిగా ఒదుగుతుంది. 7.4లో చూసినట్టు, విభక్తిని పోగొట్టుకోలేని చోట అది తప్పనిసరి కూడా. దాని చోటు దానిది. పొట్టి రూపం చాలిన చోట పొడవు రూపాన్ని ఈడ్చుకురావడం మాత్రమే దోషం.

తెలుగు వాక్యాన్ని తెలుగు దృష్టితో విశ్లేషించే పని మన భాషాశాస్త్రవేత్తలు చేశారు. 1975లో వెలువడిన చేకూరి రామారావు "తెలుగు వాక్యం", 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి ఇంగ్లీషులో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఈ దారిలో ముఖ్యమైనవి. ఆ జ్ఞానం తెలుగు శాఖల్లో ఉండిపోయింది. ఇంగ్లీషు పాఠం చెప్పేవారు దాన్ని వాడుకోలేదు. తెలుగు తెలిసిన విద్యార్థికి ఇంగ్లీషు నేర్పుతూ, అతనికి తెలిసిన తెలుగును అడ్డంకిగా చూశారే తప్ప సాధనంగా చూడలేదు. ఈ భాగం చేసే ప్రధాన విమర్శ ఇదే.

7.8 వెనక్కి పంపే పరీక్ష

విమర్శతో ఆగకుండా ఒక పద్ధతిని చూద్దాం. ఇది తెలుగు మీదే ఆధారపడింది. మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు: తెలుగు పదబంధంలో చివర ఉన్న నామాన్ని పట్టుకోండి. "నేను అమ్మిన అంగడి"లో అది "అంగడి".

రెండవ మెట్టు: ఆ నామాన్ని వెనక్కి, మామూలు వాక్యంలోకి పంపండి. "నేను అంగడి... అమ్మాను" అని అనుకుని, ఖాళీలో ఏ విభక్తి వస్తుందో అడగండి. "అంగడిని" అయితే ఇంగ్లీషులో ప్రిపోజిషన్ రాదు. "అంగడికి" అయితే "టు". "అంగట్లో" అయితే "ఎట్" లేదా "ఇన్".

మూడవ మెట్టు: ఆ ప్రిపోజిషన్‌ను క్రియ వెనక ఉంచండి. "ద షాప్ ఐ సోల్డ్ టు", "ద షాప్ ఐ సోల్డ్ నైటీస్ ఇన్". గంభీర రచన అయితే దాన్నే "విచ్" ముందుకు తెండి. రెండు చోట్లా పెట్టకండి.

రెండవ మెట్టులో ఒక జాగ్రత్త అవసరం. తెలుగు విభక్తికీ ఇంగ్లీషు ప్రిపోజిషన్‌కూ ఒకటికి ఒకటి లెక్క కుదరదు. "కంపెనీలో పనిచేశాను" అన్నా ఇంగ్లీషు "వర్క్ ఫర్" అంటుంది. "బస్సులో వచ్చాను" అన్నా "ఆన్ ద బస్" అంటుంది. కనుక పరీక్ష చెప్పేది ఇక్కడ ఒక ప్రిపోజిషన్ ఉండాలి అని మాత్రమే. అది ఏదన్నది ఆ ఇంగ్లీషు క్రియతో కలిపి నేర్చుకోవాలి. "వర్క్ ఫర్", "వెయిట్ ఫర్", "లిజన్ టు", "డిపెండ్ ఆన్" అని జంటగా రాసుకోండి. జంటగా నేర్చుకున్నది నామం కదిలినా విడిపోదు.

ఇక మూల్యాంకనం. "ద హాస్టల్ ఐ స్టేడ్" అన్న వాక్యం అర్థం కాకుండా పోదు. అది ప్రామాణిక రూపం కాదు, అంతే. "ద షాప్ ఐ సోల్డ్" అన్నది అర్థాన్నే మార్చేసింది. ఈ రెండింటికీ ఒకే మార్కు తగ్గించడం సరికాదు. క్రియ తరవాత నేరుగా కర్మను తీసుకోగల "సెల్", "బై", "రైట్", "పే" లాంటి క్రియల దగ్గర ప్రిపోజిషన్ పోతే అర్థం తారుమారవుతుంది. "స్టే", "లివ్", "కమ్" లాంటి క్రియల దగ్గర సాధారణంగా ఆ ప్రమాదం లేదు. మొదటి జాబితాను ముందుగా సాధన చేయండి. జీతం, అప్పు, అమ్మకం, ఫిర్యాదు లాంటి విషయాలు ఈ క్రియలతోనే నడుస్తాయి.

ఆ యువతిని మళ్ళీ తలుచుకుందాం. ఆమెకు కావలసింది మరో వంద కొత్త మాటలు కాదు. ఆమె ఇంట్లో, అంగట్లో తేడా లేకుండా వాడుతున్న "ని", "కి" అనే ప్రత్యయాలు ఇంగ్లీషు వాక్యం చివర కూడా తన కోసం ఎదురుచూస్తున్నాయని ఎవరైనా చెప్పడం.

7.9 సారాంశం

తెలుగులో నామం క్రియాజన్య విశేషణం వెనక చేరినప్పుడు దాని విభక్తి మాయమవుతుంది. వినేవారు లోకజ్ఞానంతో దాన్ని గ్రహిస్తారు. ఇంగ్లీషులో నామం ముందుకు కదిలినా ప్రిపోజిషన్ సాధారణంగా నిలిచి ఉండాలి. కాలం, విధానం, కారణం చెప్పే నామాల దగ్గర సడలింపు ఉంది. ఎన్నోచోట్ల "ఇన్", "విత్", "విదౌట్" అనే ప్రిపోజిషన్లే క్లాజు పని చేస్తాయి. ప్రిపోజిషన్ చివర రాకూడదనే నియమం ఒక కవి అభిరుచి నుంచి వచ్చి, తెలుగు విద్యార్థిలో ఉన్న తప్పును బలపరిచింది. "విచ్ అంటే ఏది" అనే బోధన తెలుగు వాక్యాన్నీ దెబ్బతీసింది. నామాన్ని వెనక్కి పంపి విభక్తిని అడిగే పరీక్ష, మాతృభాషా జ్ఞానాన్నే సాధనంగా మలుస్తుంది.

7.10 కీలక పదాలు

క్రియాజన్య విశేషణం: క్రియ నుంచి పుట్టి నామాన్ని విశేషించే రూపం. ఉదా. వచ్చిన, రాని.
రిలేటివ్ క్లాజు: ఇంగ్లీషులో నామం వెనక చేరి దాన్ని వివరించే ఉపవాక్యం.
యత్తదర్థక వాక్యం: "ఎవరు... వారు", "ఏది... అది" అనే జంటలతో నడిచే వాక్యం.
ప్రిపోజిషన్: ఇంగ్లీషులో నామానికి ముందు వచ్చి, తెలుగు విభక్తి చేసే పనిని చేసే పదం.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెలుగు క్రియాజన్య విశేషణాన్నీ ఇంగ్లీషు రిలేటివ్ క్లాజునూ సోదాహరణంగా పోల్చండి.
2. "వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదు" అనే నియమం చరిత్రను వివరించి, తెలుగు విద్యార్థుల మీద దాని ప్రభావాన్ని విమర్శించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పనిముట్టును చెప్పే "తో"కూ తోడును చెప్పే "తో"కూ విశేషణ రూపంలో వచ్చే తేడా ఏమిటి?
2. వెనక్కి పంపే పరీక్షలోని మూడు మెట్లను మీ వృత్తికి సంబంధించిన ఒక వాక్యంతో వివరించండి.
3. మీ ఊరి నోటీసు బోర్డు మీద లేదా దినపత్రికలో కనిపించిన ఒక "ఏదైతే... అది" వాక్యాన్ని సహజమైన తెలుగులోకి మార్చండి. మార్చనవసరం లేదనిపిస్తే కారణం రాయండి.